రాతి గుమ్మంలో బావ

బస్సు దిగేసరికి ఇనుప సామాన్ల కొట్టాయన దగ్గరున్న సరుకు ఇంతే: కొత్త బూట్లు, నీళ్ల సీసా, వారంగా లోలోపల సానపెట్టుకున్న ఒక్క పలకరింపు. ఆ పలకరింపు బావమరిదికి. తన కొట్లోనే పని నేర్చుకుని, తన కొట్టుకు ఎదురుగానే కొట్టు పెట్టిన బావమరిదికి. రెండేళ్లుగా ఇద్దరూ పొద్దున్నే ఎదురెదురుగా షట్టర్లు ఎత్తుతున్నారు. తలలు మాత్రం ఎత్తడం లేదు. మధ్యలో నలిగిపోతున్నది ఆయన భార్య. ఆదిమానవుల రాళ్లు, సమాధులు చూపించే ఈ ఒకరోజు నడకకు ముగ్గురి పేర్లూ ఇచ్చింది ఆవిడే.

"ఇవాళ మీరిద్దరూ మాట్లాడుకోకపోతే రేపట్నుంచి నేను మీ ఇద్దరితోనూ మాట్లాడను," అని బయల్దేరేముందే తేల్చేసింది. అన్నంత పనీ చేసే మనిషి.

గైడమ్మాయి వెనకాల కోతలైన చేల గట్ల మీద నడిచారు. మొదట ఒక బండ చూపించింది. రాతి గొడ్డళ్లు అరగదీసి పదునుపెట్టిన చోట పడ్డ గుంటలు అద్దంలా నున్నగా ఉన్నాయి. గొడ్డళ్ల వ్యాపారం ఇంత పాతదా అని ఆయన ఉప్పొంగి పక్కకు తిరిగాడు. మాట గొంతు దాకా వచ్చింది. బావమరిది ఆకాశం చూస్తున్నాడు. సరుకు వెనక్కి వెళ్లిపోయింది.

గుట్ట మీద రాతి సమాధి ఉంది. నాలుగు పలకలు నిలబెట్టి పైన ఒకటి మూతేశారు. ముందు పలకకు గుండ్రటి కంత.

"మూడువేల ఏళ్లనాటిది. తల పెట్టి చూడొచ్చు," అంది గైడమ్మాయి.

అందరూ తలే పెట్టారు. అడుగు మూల కూడా చూడనిదే ఏ సరుకూ ముట్టని కొట్టాయన భుజాలు కూడా దూర్చాడు. లోపల మట్టి, ఒక సాలెపురుగు. వెనక్కి రాబోతే రాలేకపోయాడు.

"చూసింది చాల్లెండి, వచ్చేయండి," అంది భార్య.

"రాగలిగితే రానా!" గొంతు కుండలోంచి వచ్చినట్టుంది.

"ఎవరూ లాగకండి! పలక కదిలితే నా ఉద్యోగం పోతుంది," గైడమ్మాయి కంగారుపడింది.

వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"బావా, బీరువా గుమ్మంలో ఇరుక్కుంటే ఏం చేస్తాం?"

చీకట్లో కొట్టాయన కళ్లు చెమ్మగిల్లాయి. దుమ్ము అనుకున్నాడు.

"గుమ్మం ఊడదీస్తాం."

"ఈ ఇంటాయన ఒప్పుకోడు. ఇంకోటి చెప్పు."

"లాగకుండా... ఏటవాలుగా తిప్పుతాం."

"మరి తిరుగు. ఎడం భుజం కిందికి. ఊపిరంతా వదిలెయ్."

"వదిలితే పోతానేమోరా!"

"పోతే మాత్రం ఏం, చోటు సిద్ధంగానే ఉంది. మోసే ఖర్చు కూడా లేదు."

బయట అందరూ ఘొల్లుమన్నారు. లోపల ఆయనకూ నవ్వాగలేదు. ఆ నవ్వుకే ఊపిరంతా పోయి ఛాతీ తగ్గింది. బావమరిది నడుము పట్టుకుని, బీరువాను తిప్పినట్టే మెల్లగా తిప్పి బయటికి తీశాడు. చొక్కా మీది మట్టి దులుపుతూ అన్నాడు:

"ఒళ్లు చేశావు బావా."

"బేరాలన్నీ ఎదురు కొట్టువాడు ఎగరేసుకుపోతుంటే కూర్చుని తినడమేగా నా పని."

"నీ నోరు ఆ సమాధిలోనే వదిలేసి రావాల్సింది!"

భార్య అటు తిరిగి, మూతరాయిని మహా శ్రద్ధగా చూడసాగింది.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. తుప్పు పట్టని తలుపు బందులు ఎక్కణ్నుంచి తెస్తున్నావని బావమరిది అడిగాడు. కొట్టాయన ఊరి పేరు చెప్పాడు, దుకాణం పేరు చెప్పలేదు. ఎంతైనా పోటీ కొట్టువాడు.

దిగేముందు లెక్క చూసుకున్నాడు. పోయినవి రెండు గుండీలు, మోచేతుల మీద కాస్త చర్మం. వచ్చినవాడు బావమరిది. ఈ ధరకు మళ్లీ దొరికే సరుకు కాదనుకున్నాడు.