మచ్చు మట్టి

ప్రత్తిపాడులో అంకమ్మరావంత మొండిమనిషి ఇంకొకడు లేడు. ఉన్నా, ఊరికి ఒక్కడు చాలు. పోయినేడు గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారి ఒకాయన ఇతని కాయలు చేత్తో దులిపి, ఇందులో కాయెంత, మట్టెంత అని నలుగురి ముందూ అడిగాడు. ఆ మాట గుండెలో ముల్లయి కూర్చుంది. ఈసారి మట్టి అంటని కల్లం వేసి, అదే యార్డులో తలెత్తుకు తిరగాలని పట్టుబట్టాడు. కాయలు ఎండబోయడానికి టార్పాలిన్ పట్టాలు కొనుక్కుందామని భార్య రాఘవమ్మ ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు.

చేలో ఒక మూల చౌడు. పైరు ఎలాగూ రాదు కాబట్టి కల్లానికి అదే చోటు. రాఘవమ్మ చెల్లెలి కూతురు నాగజ్యోతి గుంటూరు కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెబుతుంది. ఉన్న మట్టిలోనే సిమెంటు కలిపి రోలరు తొక్కిస్తే రాయిలా గట్టిపడుతుందనీ, ముందు మట్టి పరీక్ష చెయ్యాలనీ, కల్లం వేసే చోటునుంచే మచ్చు తెమ్మనీ చెప్పింది.

మచ్చు అనేసరికి అంకమ్మరావులోని మిర్చి రైతు లేచాడు. యార్డుకు మచ్చు పట్టుకెళ్ళేవాడు తాలుకాయలు ఏరి తీసుకెళతాడా? తెల్లగా పొక్కిన చౌడుమట్టి చదువుకున్న పిల్లకు చూపించడానికి మొహం చెల్లలేదు. పక్కనే మాలిక్ చేను. దాని గట్టున నిగనిగలాడే మట్టి సంచికెత్తి ఇచ్చొచ్చాడు. రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది. ఇరవై ఏళ్ళు ఢోకా లేదని ఊరంతా చాటి, కల్లం వేయించి, చెప్పులతో ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు.

తుఫాను వాన పడింది. వెలిశాక వెళ్ళి చూస్తే కల్లం పూరీలా పొంగి, పగిలి, వేలితో గీకితే రాలుతోంది. అవతల కాయ పండి కోతకొస్తోంది. పాపం, ఆయనకు ఏడుపొక్కటే తక్కువ.

నాగజ్యోతి వచ్చి ఒక పెళ్ళ నలిపి చూసి, ఇక్కడ ఏమైనా వేశారా అని అడిగింది. చౌడు విరగడానికి ఏటా జిప్సం పోశామని రాఘవమ్మ చెప్పింది. ఆ పిల్ల తల పట్టుకుంది. జిప్సం అంటేనే సల్ఫేటట. దానికి సిమెంటూ, బంకమట్టీ, నీళ్ళూ తోడైతే లోపల్లోపలే ఉబ్బి, మట్టి పట్టు విడిచేస్తుందట.

"మీ మచ్చులో సల్ఫేట్ లేనే లేదు పెదనాన్నా. ఎక్కడి మట్టి తెచ్చారు?"

అంకమ్మరావు మాలిక్ చేను వంక చూశాడు.

సంగతి తెలిసి మాలిక్ కడుపుబ్బ నవ్వాడు. నవ్వి ఊరుకున్నాడా, ఆ రిపోర్టు తీసుకుని, అందులో రాసినట్టే తన చేలో కల్లం వేయించాడు. అది నిజంగానే రాయి. అంకమ్మరావు సిగ్గు చంపుకుని తన కాయలు అక్కడే పోయాల్సి వచ్చింది.

ఎండిన కాయ నిప్పులా ఉంది. బస్తాలకెత్తుతుంటే ఆయన చెయ్యి అలవాటు చొప్పున మంచి కాయలు ఏరి పైకి చేరుస్తోంది.

"ఏమయ్యా, మళ్ళీ మచ్చా?" అంది రాఘవమ్మ.

ఆయన ఏరిన కాయలన్నీ రాశిలో కలిపేశాడు.

యార్డులో ఆ వ్యాపారే వచ్చాడు. బస్తా అడుగుదాకా చెయ్యి దూర్చి గుప్పెడు తీశాడు. మట్టి లేదు. కల్లం ఎవరిదండీ అని అడిగాడు.

"మాలిక్‌ది," అన్నాడు అంకమ్మరావు తలెత్తి. "రిపోర్టు నాది."