వేలంలో తలూపిన పిల్ల

మధులతకి అదో జబ్బు. ఎదుటివాళ్లు గట్టిగా ఏం చెప్పినా తల ఊపేస్తుంది. యూనివర్సిటీలో ఎమ్మే సోషియాలజీ చదువుతూ, మొదటి బెంచీలో కూచుని, రమణమూర్తిగారి పాఠానికి ఊపీ ఊపీ అలవాటైపోయింది మరి. ఆయనేమో ఇప్పటికి రెండుసార్లు ఆమె డిజర్టేషన్ తిప్పి పంపేశాడు. "ఫీల్డుకెళ్లి చూడమ్మా. చూడు, అంతే. కల్పించుకోకు," అన్నాడు. ఈసారైనా ఆయన చేత 'శభాష్' అనిపించుకోకపోతే ఈ పిల్లకి అన్నం సయించదు.

అందుకని తెల్లారకుండానే ఫిషింగ్ హార్బర్‌కొచ్చి వేలం దగ్గర నిలబడింది. కానాగంత చేపల గుట్ట ముందు వేలమేసే ఎల్లాజీ ధర అరుస్తున్నాడు. అరిచినప్పుడల్లా మధులత శ్రద్ధగా తల ఊపింది. పోటీకొచ్చిందనుకుని, వీధుల్లో చేపలమ్మే కాశమ్మ పైపాట పాడింది. ధర ఎక్కీ ఎక్కీ చివరికి గుట్టంతా మధులత పేరనే ఖాయమైపోయింది.

"నేను కొనడానికి రాలేదండీ! చూడ్డానికొచ్చాను," అంది బిక్కచచ్చిపోయి.

"సూడ్డానికొచ్చినదానివి తలెందుకూపినావే తల్లీ?" కాశమ్మ నెత్తి కొట్టుకుంది. "రోజూ సేపలు కొనే నా వాడుకోల్లకి ఏటి సెప్పాల నాను? సర్లే, ఈ సేపలు నానే తీసుకుంతాను. ఈ రేటుకి గిట్టాలంతే ఇంకో నాలుగు వీదులు తిరగాల. రెండో బేసిను నువ్వు మొయ్యి. పద!"

ఇంకెవరికి చెప్పుకుంటుంది, పాపం! సీతమ్మధారలో ఆటో దిగి, చున్నీ చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, బేసినెత్తుకుని కాశమ్మ వెనకాల నడిచింది. నీచునీళ్లు చెవుల మీదుగా కారుతున్నాయి.

ఓ వీధిలో గేటు తీసింది సాక్షాత్తూ రమణమూర్తిగారే. మధులత గుండె గుభేలుమంది. ఆ వెంటనే సంతోషమూ వేసింది. ఇంతకన్నా ఫీల్డువర్కు ఏముంటుంది? బేసిను దించి నవ్వుమొహంతో నిలబడింది.

ఆయన వంగి మొప్పలెత్తి చూశాడు. బేరమాడాడు. సంచీ చాపాడు. అందులో చేపలేస్తున్న మధులత చేతుల దాకా వచ్చిన చూపు మొహం దాకా రాలేదు.

"నీ కూతురా?" అని కాశమ్మనడిగాడు. "చదివించకూడదూ?"

చెప్పు, అన్నట్టు కాశమ్మ మోచేత్తో పొడిచింది.

"చదువుతున్నానండీ," అంది మధులత.

"మంచిది, మంచిది," అంటూ ఆయన సంచీలో చేపలే చూసుకుంటూ గేటేసుకుని లోపలికి పోయాడు.

మధులతకి ఏడుపొచ్చింది. ఏడుపుని మించి ఒళ్లు మండింది. బేసిను తనే మళ్లీ నెత్తికెత్తుకుంది.

"పద పిన్నీ, ఇంకా ఇళ్లున్నాయి," అంది.