ఊక బూడిద గీత

నెట్టికంటప్ప డబ్బా ఊపుకుంటూ వెనక్కి నడుస్తున్నాడు. అడుగున మేకుతో చిల్లులు పొడిచిన పాత నూనెడబ్బా అది. ఊపినప్పుడల్లా ఊక బూడిద రాలి ఫుట్‌బాల్ మైదానపు నల్లరేగడి మీద గీతవుతోంది. సున్నమైతే కిందపడ్డ పిల్లల మోకాళ్లు మండుతాయని, సిరుగుప్ప రైస్‌మిల్లులో అడిగి ఈ బూడిద తెచ్చుకుంటాడు. గీత వంకర పోదు. మడత పడని కుడికాలు ఈడ్చిన చార మాత్రం దాని పక్కనే సాగుతుంది.

కొత్త గీతను తొక్కకూడదు, దాటి లోపలికి రావాలి. పన్నెండేళ్లుగా అతను పెట్టిన కట్టుబాటు అది. అమ్మాయిలు ఒక్కొక్కరే దుమికారు. ఎప్పుడూ ఎడమకాలు ముందు వేసే అనుపమకు ఇవాళ కుడికాలు ముందు పడింది.

డబ్బా ఆగిపోయింది.

"ఏమ్మే, మళ్లా దాటు. ఎడమకాలు ముందు పెట్టు."

అనుపమ దాటింది. పెదవి కొరుక్కుంది.

"ఎన్నాళ్లయింది ఈ నొప్పి?"

"నాలుగు దినాలు సార్. ఏం కాదులే. సూది వేసుకుంటా, ఈ పొద్దు ఒక్క ఆటే గదా. ఓడితే మిమ్మల్ని తీసేస్తారంట."

నిజమే. జిల్లా ఫైనల్ ఓడితే అతని బదులు బెంగళూరు నుంచి సర్టిఫికెట్లున్న కోచ్ వస్తాడని క్లబ్బు సెక్రటరీ రుద్రేశ్ మొన్ననే చెప్పాడు. అనుపమ లేకుండా గోలు కొట్టేవాళ్లు ఈ జట్టులో లేరు.

"సగం ఆట ఆడు," అన్నాడు నెట్టికంటప్ప. అన్నాక తన నోరు తనకే చేదనిపించింది.

ఇరవై ఆరేళ్ల వయసులో, సండూరు దగ్గర గని కంపెనీ జట్టుకు ఆడేటప్పుడు, అతనికీ ఎవరో ఇదే మాట అన్నారు. వాచిన మోకాలికి సూది వేయించుకుని ఫైనల్లో దిగాడు. గెలిచారు. భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. మర్నాడు ఆ కాలు నేల మీద ఆనలేదు. కంపెనీ గేటు దగ్గర కుర్చీ వేసి కాపలాకు కూర్చోబెట్టింది. గని మూతపడ్డాక ఆ కుర్చీ కూడా లేదు.

మధ్యాహ్నం జట్లు దిగే వేళకు అనుపమ బూట్ల తాళ్లు బిగిస్తోంది. నెట్టికంటప్ప వచ్చి ఆమె ముందు కష్టంగా కూలబడ్డాడు. ఆ తాళ్లు తనే విప్పేశాడు.

"వద్దులే మే."

"మీ పని పోతాది సార్!"

"నా పనా? అది గేటుకాడ కుర్చీలో కూచున్నప్పుడే పాయె."

నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు.

రుద్రేశ్ పరుగున వచ్చాడు. "తల కెట్టిందేమప్పా నీకు? ఆ పిల్లని కూచోబెట్టి యాడ గెలుస్తావు?"

"గెలవం," అన్నాడు నెట్టికంటప్ప.

ఒక్క గోలుతో ఓడిపోయారు. రుద్రేశ్ దగ్గరికొచ్చాడు. "రేపట్నించి రావొద్దులేప్పా," అన్నాడంతే.

నెట్టికంటప్ప డబ్బాను గోలుపోస్టుకున్న కొక్కేనికి తగిలించాడు. బళ్లారి బస్సు హారను వినిపించింది. కాలెత్తి గీత దాటలేక, రోజూ మూల దగ్గర వదిలిన ఖాళీలోంచి చుట్టుతిరిగి వెళ్లేవాడు. ఇవాళ అడ్డంగానే నడిచాడు. ఈడ్చిన కాలి కింద గీత ఒకచోట చెరిగిపోయింది.

వరి మడికట్ల మీదుగా గాలి వీస్తోంది. డబ్బా ఊగినప్పుడల్లా చిటికెడు బూడిద రాలుతోంది.