వీపు కాగితాలు

పుస్తకం విరిగేది ఎప్పుడూ వీపు దగ్గరే. ఫారాలు, అంటే మడిచిన కాగితాల కట్టలు, ఎంత గట్టిగా కుట్టినా, ఆ కుట్టు మీద పిండి జిగురు రాసి, దానిపైన ఒక కాగితం అంటించి, ఆ తరువాతే గుడ్డా అట్టా వెయ్యాలి. ఆ కాగితాన్ని మా దుకాణంలో వీపు కాగితం అంటాం. దానికోసం ఎవరూ కొత్త కాగితం పాడుచెయ్యరు. పాత జాబులు, చెల్లిపోయిన రసీదులు, పిల్లలు లెక్కలు చేసి పారేసిన కాగితాలు ఒక బుట్టలో పడి ఉంటాయి. చేతికొచ్చినది తీసి, కొలతకు కత్తిరించి అంటిస్తాం. ఒకసారి గుడ్డ పడిందంటే, మళ్ళీ ఆ పుస్తకం చిరిగితే తప్ప ఆ రాత వెలుగు చూడదు.

నాకు ఈ పని మా అక్క నేర్పింది. మొదటి రోజున చెప్పిన మాట ఇప్పటికీ గుర్తే. "వీపు కాగితం చదవకూడదురా. నువ్వు చదివేలోగా జిగురు ఆరిపోతుంది." నాన్న తనకు అలాగే చెప్పాడట.

నాన్న పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు, అక్కకు పదిహేడు. అమ్మ అంతకు ముందే లేదు. నాన్న సూది అక్క చేతికి వచ్చింది. నాలుగైదు సంబంధాలు వస్తే, "ముందు మా వాడు నిలదొక్కుకోనీండి" అని పంపేసింది. నేను నిలదొక్కుకున్నాను. పెళ్ళి చేసుకున్నాను. పిల్లలిద్దరూ ఎవరి సంసారాల్లో వాళ్ళు పడ్డారు. ఈ లోపల అక్కకు యాభై ఏడేళ్ళు వచ్చాయి. ఎప్పుడు వచ్చాయో నేను గమనించలేదు.

ఇంటి ముందు గదే దుకాణం. కిటికీ పక్కన కూర్చుని అక్క కుట్టేది, గోడ వైపు బల్ల మీద నేను అంచులు కోసి అట్టలు వేసేవాణ్ణి. రోజూ పొద్దున్నే దేవుడి ముందు కూర్చున్నప్పుడు నా ప్రార్థన ఒక్కటే: ఉన్నది ఉన్నట్టు ఉంచు తండ్రీ. ఇంతకంటే ఆశ తక్కువ ప్రార్థన ఇంకెవరూ చెయ్యరనుకునేవాణ్ణి.

మా పనిలో సగం గ్రంథాలయానిది. అక్కడి ఉద్యోగి ఒకాయన రెండు వారాలకొకసారి చిరిగిన పుస్తకాలు కట్టకట్టి తెచ్చేవాడు. ఎండైనా వానైనా ఆయన చంకలో గొడుగు ఉంటుంది గనక మా ఇంట్లో ఆయన పేరు గొడుగాయన. అరవైకి దగ్గర పడ్డ మనిషి. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ప్రతి పుస్తకంలోనూ ఏం చెడిందో రాసి చీటీ పెట్టేవాడు. అక్క ఆ చీటీ వెనకే తను ఏం బాగుచేసిందో రాసి పంపేది. ఆ చీటీలు నా బల్ల దాకా రావు. అవి ఏళ్ళ తరబడి పెరిగి ఉత్తరాలయ్యాయని నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం వాన పడుతోంది. ఎర్ర గుడ్డ వెయ్యాల్సిన గ్రంథాలయం ప్రార్థనల పుస్తకం ఒకటి చట్రంలో బిగించి, జిగురు రాసి, బుట్టలో చెయ్యి పెట్టాను. రెండు మడతల కాగితం వచ్చింది. విప్పితే అక్క రాత. అక్క నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి. తప్పులు దొర్లుతాయని భయపడి ఏది రాసినా ముందు చిత్తు రాసుకుని, తరువాత శుభ్రంగా ఎత్తిరాస్తుంది. కొలత చూద్దామని పెట్టిన కళ్ళు మొదటి వరుస మీద నిలబడిపోయాయి.

"మీరు రాసింది చదివాను. తూర్పు కిటికీ ఉన్న గదిలో నా కుట్టుబల్ల వేయిస్తానన్నారు. ఈ వయసులో నా బల్ల ఎక్కడ వెయ్యాలా అని ఒక మనిషి ఆలోచిస్తున్నాడంటే ముందు నవ్వొచ్చింది. తరువాత చాలాసేపు పని సాగలేదు. నాకు రావాలనే ఉంది. ఈ మాట రాసి కొట్టేస్తూ వచ్చాను, ఈసారి కొట్టెయ్యను. కానీ మా తమ్ముణ్ణి నేను అడగను. నేను అడిగితే వాడు కాదనలేడు. కాదనలేని వాణ్ణి అడగడమంటే మెడలు వంచడమే. వాడంతట వాడికి తోచి, వెళ్ళక్కా అంటే ఆ రోజే బయలుదేరతాను. వాడు అనకపోతే నన్ను తప్పుపట్టకండి. వాణ్ణి కూడా."

నెలాఖరుకు తన ఉద్యోగం అయిపోతుందనీ, సొంత ఊరు వెళ్ళిపోతాననీ గొడుగాయన కిందటిసారి వచ్చినప్పుడు చెప్పాడు. నెలాఖరు ఇంకా తొమ్మిది రోజులుంది. లోపల వంటగదిలో అక్క నా భార్యతో ఏదో చెప్పి నవ్వుతోంది. జిగురు ఆరిపోతోంది.

నేను చేసిన పని దాచను. ఆ కాగితాన్ని కొలతకు కత్తిరించి పుస్తకం వీపుకు అంటించాను. గాలి బుడగ ఒక్కటి లేకుండా వేలితో నొక్కాను. పైన ఎర్ర గుడ్డ వేశాను. చాలా చక్కగా కుదిరింది.

సాయంత్రం అక్క కొట్టుకు వెళ్ళినప్పుడు నా భార్య దగ్గర మాట కదిపాను.

"ఏమే, మా అక్క సంగతి..."

ఆమె బట్టలు మడతపెడుతూ తల కూడా ఎత్తలేదు. "గొడుగాయన సంగతేనా?"

"నీకు తెలుసా?"

"పాలు పోసేవాడికి కూడా తెలుసు. ఆయనొచ్చే రోజున వదిన రెండుసార్లు తల దువ్వుకుంటుంది. మీకు అట్టలు తప్ప మనుషులు కనపడితేగా!"

"మరి నువ్వు చెప్పొచ్చుగా, వెళ్ళమని."

"భలేవారే! నేనంటే మరదలు ఇంట్లోంచి గెంటేసినట్టుంటుంది. నలుగురూ అనడం సరే, ముందు వదినే అలా అనుకుంటుంది. ఆ మాట మీ నోట్లోంచి ఊడిపడాల్సిందే."

"ఈ వయసులో... జనం ఏమనుకుంటారో."

"జనం కాదు మీ బెంగ. ఫారాలు ఎవరు కుడతారా అని."

కోపం వచ్చి బయటికి వెళ్ళిపోయాను. నిజం కాకపోతే అంత కోపం వచ్చేది కాదు. అయితే కారణం అదొక్కటే కాదు. అక్క లేని ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలియదు. నా జ్ఞాపకం మొదలయ్యేదే ఆమె చంకలోంచి.

తరువాతి రోజుల్లో భోజనాల దగ్గర ఎన్నిసార్లు "అక్కా" అన్నానో. ఆమె తలెత్తి చూసేది. నేను ఉప్పు అడిగేవాణ్ణి. ఒకరోజు మూడుసార్లు అడిగితే, "కూరలో వేసుకుంటున్నావా, మూట కడుతున్నావా?" అంది. నా భార్య పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. మంచినీళ్ళు తాగి లేచాను.

పొద్దున్నే ప్రార్థనకు కూర్చుంటే, 'ఉన్నది ఉన్నట్టు' దగ్గర మాట ఆగిపోయేది. ఎవరికి ఉన్నట్టు? ఇన్నేళ్ళూ నేను నా కోసం అడుగుతున్నానా, ఆమెకు అడ్డం పడమని అడుగుతున్నానా? దేవుడు నా మాట వింటున్నాడనుకుంటే భయం వేసింది. వినడం లేదనుకున్నా భయమే.

ఆరో రోజున ఇంకో తప్పు చేశాను. అక్క స్నానానికి వెళ్ళినప్పుడు బుట్ట వెతికాను. ఈసారి కాగితం దానంతటది చేతికి రాలేదు. వెతికే తీశాను. చిన్న చిత్తు, నాలుగు వరుసలు.

"వాడు ఇంకా ఏమీ అనలేదు. పోనీలెండి. వాడికి ఈ మధ్య తిండి సయించడం లేదు. ఊరికే ఉప్పు అడుగుతాడు, కలుపుకోడు. ఒంట్లో ఏముందో చెప్పడు. ఇలాంటప్పుడు నా సంగతి ఏం ఎత్తను?"

ఆ కాగితాన్ని మడిచి, తీసినచోటే పెట్టేశాను. నా పాపాన్ని కూడా ఆమె జబ్బనుకుని కంగారుపడుతోంది.

ఇంకా రెండు రోజులు పట్టింది. నెలాఖరుకు ముందు రోజు మధ్యాహ్నం, అక్క కిటికీ దగ్గర సూదిలో దారం ఎక్కిస్తుంటే, చేతిలో పని పక్కన పెట్టి లేచాను.

"అక్కా."

"ఈసారి ఏం కావాలి? ఉప్పా, కత్తెరా?"

"నువ్వు వెళ్ళక్కా. గొడుగాయనతో. మా కోసం ఇక్కడే ఉండిపోనక్కర్లేదు."

దారం సూదిలో ఎక్కకుండానే జారిపోయింది. ఆమె నా వైపు తిరిగింది. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. పదిహేడేళ్ళప్పుడు ఉండేదేమో, నాకు గుర్తులేదు.

"నీకే తోచిందిరా? ఎవరూ చెప్పలేదు కదా?"

ఊ అంటే సరిపోయేది. అంతకంటే ఏమీ అక్కర్లేదు. కానీ రోజూ పొద్దున్నే దేవుడి ముందు కూర్చునే మనిషిని నేను. ఆ ఊ అనలేకపోయాను.

"నీ ఉత్తరం చదివాను."

"ఏ ఉత్తరం?"

"బుట్టలోది. రెండు చదివాను."

"ఎప్పుడు?"

"మొదటిది ఎనిమిది రోజులైంది."

ఆమె సూదిని సూదుల దిండుకు గుచ్చింది. "ఎనిమిది రోజులు. చదివి, కడుపులో పెట్టుకుని, నా ఎదురుగా కూచుని ఎనిమిది రోజులు అన్నం తిన్నావు."

"అక్కా, అది..."

"పొయ్యిలో వెయ్యలేకనా అందులో వేసింది? నా తమ్ముడి చేతిలో పడితే పొయ్యిలో పడ్డట్టే అనుకున్నాను. నేర్పినదాన్ని నేనే కదా." బుట్ట వైపు చూసి అడిగింది. "మొదటి కాగితం ఏదీ?"

"ప్రార్థనల పుస్తకం వీపులో ఉంది. ఎర్ర గుడ్డది."

"అయితే దేవుడు కూడా చదివే ఉంటాడులే. ఆయనా నోరు విప్పలేదు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నేను అడక్కూడదని పళ్ళబిగువున ఊరుకున్నాను. చివరికి అడిగినట్టే అయింది. ఇప్పుడు నువ్వు వెళ్ళమన్నది నీ మాట కాదు, నేను రాసిచ్చిన మాట."

"ఎవరిదైతేనేం అక్కా, వెళ్ళు."

"వెళ్తాను. వెళ్ళక ఇక్కడ నిన్ను చూస్తూ కూచుంటానా? నీ నోటి మాట కోసం కాచుక్కూచున్నాను చూడు, ముందు నన్ను అనాలి."

మళ్ళీ సూది తీసుకుంది. బల్ల మీద మిగిలిన పదకొండు పుస్తకాలూ ఆ పూటే కుట్టి, ఆఖరి ముడి వేసి, దారం పంటితో తెంపి లేచింది. చీకటి పడేలోగా ఒక్కతే గ్రంథాలయానికి వెళ్ళి వచ్చింది.

విషయం తెలిసి నా భార్య నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది.

"తోచిందనడానికి మీ నోరేమైనా పడిపోయిందా?"

"అబద్ధం ఎలా ఆడను?"

"చదివి గుడ్డ కప్పేసినప్పుడు అది అబద్ధం కాదా? ఎనిమిది రోజులు కనపడని దేవుడు, ఆవిడ ముఖం విప్పారేసరికి గుర్తొచ్చాడా? ఆ నిజం ఎవరి కోసం చెప్పారండీ? ఆవిడ కోసమా, మీ కోసమా?"

నేను పోయి కత్తి సానపెట్టుకున్నాను. ఎవరి కోసమో నాకే తెలిస్తే కదా.

మర్నాడు పొద్దున్న గొడుగాయన వచ్చాడు. అక్క ఒక పెట్టె, సూదులూ దారాలూ ఉన్న సంచీ గుమ్మం దగ్గర పెట్టింది. నా భార్యను పట్టుకుని చాలాసేపు నిలబడింది. నాతో మాత్రం, "పెద్ద పుస్తకాలకి రెండు పేటల దారం వాడు" అంది.

గొడుగాయన లోపలికి వచ్చి నా చేతులు రెండూ పట్టుకున్నాడు.

"బైండరుగారూ, మీరు మీ అంతట మీరే అన్నారట. ఈవిడ ఒకటికి పదిసార్లు చెప్పింది. 'నేను అడగలేదు, సూచన కూడా చెయ్యలేదు, మా తమ్ముడికే తోచింది' అని. ఇలాంటి తమ్ముణ్ణి నేను ఎక్కడా చూడలేదు."

నేను అక్క వైపు చూశాను. నేను ఆడలేని అబద్ధం ఆమె నా కోసం ఆడేసింది. ఆమె నా వైపు చూడలేదు. ఆయన గొడుగు తీసుకుని, వాన లేకపోయినా, ఎండ ఇంకా రాకపోయినా, విప్పి పట్టుకుని వీధిలోకి దిగింది.

ఇప్పటికి ఆరు నెలలైంది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి పెళ్ళి చేసుకున్నారు. నా భార్య కుట్టు నేర్చుకుంటోంది. సూదిని తిడుతుంది, దారాన్ని తిడుతుంది, మధ్యలో నన్ను. నెలకొకసారి అక్క ఆమె పేరున ఉత్తరం రాస్తుంది. కుట్టుబల్ల తూర్పు కిటికీ కిందే వేశారట. నా గురించి ఉండేది ఒక్క వరుస: పిండి జిగురు మరీ పలచగా కలుపుతున్నాడేమో చూడు, వానాకాలం బూజు పడుతుంది అని. నేను ఆ వరుస అడిగి మళ్ళీ చదివించుకుంటాను. ఉత్తరం నా చేతికి ఇవ్వబోతే మాత్రం పుచ్చుకోను.

పొద్దున్నే కూర్చోవడం మానలేదు. ఉన్నది ఉన్నట్టు అనడం మానేశాను. దాని బదులు ఏమనాలో ఇంకా దొరకలేదు. కాసేపు ఊరికే కూర్చుని లేస్తున్నాను.

మొన్న గ్రంథాలయం కట్టలో, ఆరేళ్ళ కిందట మేము కట్టిన పుస్తకం ఒకటి వీపు ఊడి వచ్చింది. పాత గుడ్డ లాగేస్తే కింద అక్క రాత. ఇన్నేళ్ళుగా నా చేత్తో నేనే ఆమె ఉత్తరాలు ఎన్ని పుస్తకాల్లో అంటించానో లెక్కలేదు. తడి గుడ్డ వేసి నానబెట్టి, చిరగకుండా ఊడదీసి, రాత కిందికి ఉండేలా బల్ల మీద బోర్లించాను. ఆరాక కవరులో పెట్టి, మూతి అతికించి, ఆమె పేరున పంపాను. ఇలా పంపడం ఇది మూడోసారి. మొదటి రెండూ అందాయని కూడా ఆమె రాయలేదు.

ఎర్ర గుడ్డ పుస్తకం మాత్రం ఇంకా రాలేదు. అంత గట్టిగా అంటించాను, ఇప్పట్లో ఊడదు.