ఎడమవైపు ఆరో పక్కటెముక

ఎంబీబీఎస్ అయిపోయిన పిల్లని లోకం ఊరికే వదలదు. త్రివేణి హౌస్‌సర్జన్సీ ముగించుకుని ఉత్తరాది ఉక్కు ఊళ్ళో, గోల్‌మురిలో ఇంటికొచ్చిన నాటి నుంచీ పాలవాడి దగ్గర్నుంచి మేనత్త దాకా అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇప్పుడేటి సేత్తావు?" పీజీ పరీక్ష రాసింది గానీ, వచ్చిన ర్యాంకుకీ ఆమె కోరుకున్న రేడియాలజీకీ ఆమడ దూరం. మళ్ళీ కోచింగుకి పొమ్మంది తల్లి దాలమ్మ. సర్కారీ నౌకరీ అయితే పెన్షనుంటుందని మేనత్త. సాక్చీలో ఒక నర్సింగ్‌హోం వాళ్ళు రోజుకి పన్నెండు గంటల డ్యూటీ చేస్తానంటే రేపే రమ్మన్నారు. ఈ తర్జనభర్జన తెగేలోపే తండ్రి పైడిబాబు తేల్చిపారేశాడు.

"మా ఫ్యాక్టరీకి డాక్టరు గావాలట. పొద్దుట ఎల్లి మద్దేనానికి వచ్చీడమే. మిగిలిన పొద్దంతా సదువుకో. నీకూ మంచి, మనోల్లకీ మంచి."

మనోళ్ళకి ఏమిటి మంచి అని అప్పుడే అడిగి ఉండాల్సింది. అడగలేదు. కన్నతండ్రి మాటకి కూతురు ఆరాలు తీస్తుందా?

ఆ ఫ్యాక్టరీ గమ్హరియాలో ఉంది. తెల్లరాయిని మెత్తటి పిండి కొట్టి కొలుములకి పంపుతారు. పైడిబాబు అక్కడ కాంట్రాక్టు జట్టుకి మేస్త్రి. అతనితో కలిపి ఇరవై మంది, అందరూ శ్రీకాకుళం వైపు నుంచి అతని మాట నమ్ముకుని వచ్చినవాళ్ళే. ఏటా గేటు పాసు మార్చుకోవాలంటే ఫ్యాక్టరీకొచ్చే బండిలో ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, దాని మీద డాక్టరు చేత 'ఫిట్' అని రాయించుకోవాలి. అది లేనివాణ్ణి గేటు దగ్గరే ఆపేస్తారు. త్రివేణి చేరిన మూడో వారం ఆ ఇరవై ఫైళ్ళూ ఆమె బల్ల మీదకొచ్చాయి.

కాంపౌండరు కిషోర్ పెన్ను మూత తీసి మరీ అందించాడు. "సైన్ కర్ దీజియే మేడమ్. పాత డాక్టర్‌సాబ్ కవర్లు విప్పేవారే కాదు."

"దేఖ్ కే కరూంగీ," అంది త్రివేణి. రేడియాలజీ పిచ్చి ఉన్న మనిషి ఎక్స్‌రే చూడకుండా సంతకం పెట్టడమా, బాగానే ఉంది!

మొదటిది అప్పలరాజుది. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. రెండు ఊపిరితిత్తుల్లోనూ పైభాగాన సన్నటి తెల్లచుక్కలు, జల్లెడలోంచి పిండి రాలినట్టు. రాతిపిండి పట్టిన ఛాతీ. అయ్యో పాపం అనుకుంది. రెండోది అసిరయ్యది. అందులోనూ అవే చుక్కలు. మూడోదీ అంతే. ఏడో ఫొటో దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ఎడమవైపు ఆరో పక్కటెముక మీద, విరిగి అతుక్కున్న చోట, చిన్న బుడిపె ఉంది. గబగబా వెనక్కి తిప్పి మొదటిది చూసింది. అందులోనూ ఉంది. ఇరవయ్యింటిలోనూ ఉంది.

ఆ బుడిపెని ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. మూడేళ్ళ కిందట వానలో స్కూటరు జారి నాన్న ఎముక విరిగింది. అతుక్కున్నాక తీసిన ఫొటోని వంటింటి కిటికీకి అంటించుకుని, దాని మీదే ఆమె పక్కటెముకలు లెక్కపెట్టడం నేర్చుకుంది. అప్పుడు ఆ ఊపిరితిత్తులు కడిగిన పలకలా నల్లగా ఉండేవి.

త్రివేణి చప్పున లేచింది. బీరువా తెరిచి పోయినేడాది ఫొటోలు తీసింది. ఇరవై పేర్లు, అదే ఎముక. చుక్కలు మాత్రం ఒకటీ అరా, వెతికితే గానీ కనబడవు.

సాయంత్రం పైడిబాబు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. కనుబొమ్మల మీద ఇంకా పిండి ఉంది.

"ఏటి డాక్టరమ్మా, అందరూ ఫిట్టేనా?" అన్నాడు వేళాకోళంగా.

"నాన్నా, అందరి పేరునా ఎక్స్‌రేకి నువ్వే నిలబడ్డావా?"

అతను తడబడనైనా లేదు. "నిలబడతాను మరి. ఆ అసిరయ్య ఒకటే దగ్గు. ఫొటో తీత్తే మచ్చొత్తాది, పాసు పోద్ది, ఆడి పిల్లలకి తిండెవుడెడతాడు? నా రొమ్ము సుబ్బరం. బండోడు పేరు రాసుకుంటాడు గానీ మొకం సూడడు. నాలుగేల్ల బట్టి నీనే నిలబడతన్నాను. తప్పేటి?"

"మీ నాన నిలబడబట్టే ఇరవై కొంపల్లో పొయ్యి ఎలుగుతోంది," అంది దాలమ్మ గుమ్మంలోంచి, గొప్పగా.

త్రివేణికి ఒళ్ళు మండిపోయింది. ఎవరికి మంచో ఇప్పుడు తెలిసింది. సంతకానికి ఇంటి మనిషి ఉంటే ఇక కవర్లు విప్పే భయమే ఉండదని తెచ్చి కూర్చోబెట్టాడు. తిట్టిపోయాలనుకుంది. కానీ ఆ కనుబొమ్మల మీద పిండి చూసేసరికి ఏడుపొచ్చింది.

"నీ రొమ్ము శుభ్రం కాదు నాన్నా. ఇరవై ఫొటోల్లోనూ మచ్చలున్నాయి. ఆ ఇరవయ్యీ నీవే."

పైడిబాబు తన చొక్కా వంక చూసుకుని, మరకేదో పడ్డట్టు రెండుసార్లు దులుపుకున్నాడు.

"మందుందా?"

"లేదు. ఆ దుమ్ములోకి పోకుండా ఉండడమే."

గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "పోయినేటి ఫొటోలు నీ బీరువాలోనే ఉన్నాయి గదా? ఈ యేటికీ అవే పెట్టెయ్, అమ్మీ. నాది కూడా."

"నువ్వయితే నా కళ్ళబడ్డావు. నాలుగేళ్ళుగా వాళ్ళ ఛాతీలో ఏముందో ఏ డాక్టరూ చూడలేదు. నువ్వు చూడనివ్వలేదు నాన్నా!"

పైడిబాబు టీ గ్లాసు కింద పెట్టి, మొదటిసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గాడు.

మర్నాడు పొద్దున్నే ఎక్స్‌రే బండిని మళ్ళీ పిలిపించి, మిషను పక్కనే నిలబడింది త్రివేణి. ఎవరూ రారనే అనుకుంది. వచ్చారు. పైడిబాబే వాళ్ళని వరసలో నిలబెట్టి, అసిరయ్య భుజం పట్టుకుని ముందుకి తోశాడు. "బయమెందుకురా, మనమ్మాయే గదా," అన్నాడు. ఆ మాట ఎవరికి చెప్పుకుంటున్నాడో ఏమో.

అసిరయ్యకి ఇరవయ్యారేళ్ళు. చొక్కా విప్పి, ఊపిరి బిగబట్టమంటే బిగబట్టలేకపోయాడు. మూడోసారికి ఫొటో వచ్చింది.

త్రివేణి దాన్ని కిటికీకి అంటించింది. ఇందులో చుక్కలు లేవు. చుక్కలన్నీ కలిసిపోయి రెండు పక్కలా తెల్లటి గడ్డలు కట్టాయి. ఊపిరాడే నల్లటి జాగా అరచేతంతే మిగిలింది. పక్కనే నిన్నటి నాన్న ఫొటో పెట్టి చూసింది. దీని ముందు అది శుభ్రంగా ఉంది.

"ఏటమ్మా, నా దానికంటే బాగుందా?" గుమ్మంలోంచి ఆశగా అడిగాడు పైడిబాబు. అసిరయ్య చొక్కా చేత్తో పట్టుకుని ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

బయట వరసలో ఎవరో దగ్గారు. ఆపుకోబోయి ఆపుకోలేక ఇంకొకరు, వాళ్ళ వెనక మరొకరు. త్రివేణి చేతిలోని జాబితాలో నాన్నా అసిరయ్యా పోను ఇంకా పద్దెనిమిది పేర్లున్నాయి.

"అప్పలరాజు," అని పిలిచింది.