జ్వరముందన్న మాట

కిరసనాయిలు పొయ్యి మీద గాజు సిరంజీలు గిన్నె అడుగుకు తగిలి గలగలమంటున్నాయి. జ్ఞానాంబ ఒకదాన్ని పట్టకారుతో తీసి, సూది బిగించి, తల్లి ఒళ్ళోని పసివాడి పొట్టమీద మునివేళ్ళు ఆనించింది.

"జరం ఉండాదా?"

లేదంది తల్లి. జ్ఞానాంబ మళ్ళీ అడిగింది. నర్సమ్మ రెండుసార్లు అడగందే సూది వెయ్యదని ఊరంతటికీ తెలుసు.

పని ముగించి, తెల్లచీర మీది మరక తడిగుడ్డతో తుడుచుకుని చిత్తూరు బస్సెక్కింది. ఆ వేళ లోక్ అదాలత్‌లో ఎల్లప్ప కేసు తెమలాలి. ఎల్లప్ప మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో కూలీ. అతనికి ఒక్కతే కూతురు, మహిత. జ్ఞానాంబ టీకా వేసిన రాత్రే ఆ పసిదానికి ఫిట్సు వచ్చి కాళ్ళు పడిపోయాయి. టీకా వల్లనే అన్నాడు తండ్రి. కాదన్నారు డాక్టర్లు. ఆ తగువులో ఆరేళ్ళు గడిచిపోయాయి. అన్నాళ్ళూ ఆ వీధిలోకి పోవాల్సొచ్చినప్పుడల్లా జ్ఞానాంబ తలొంచుకునే పోయింది. బదిలీ మాత్రం అడగలేదు.

ప్రభుత్వ వకీలు నరేంద్ర వరండాలోనే ఎదురొచ్చాడు.

"ఎవరి తప్పూ లేదని రాసి పరిహారం ఇస్తున్నాం. అతను సంతకం పెడితే మీరూ బయటపడతారు. ఏమడిగినా నోరు మెదపొద్దమ్మా. ఉద్యోగానికే ముప్పు."

లోపల జడ్జి ఎదుట ఎల్లప్ప కలం పట్టుకుని ఆగిపోయాడు. మామిడి సొన కాల్చిన మచ్చలు అతని వేళ్ళనిండా ఉన్నాయి.

"ఒకటి అడగాల సామీ," అంటూ జ్ఞానాంబ వైపు తిరిగాడు. "ఆ పొద్దు బిడ్డకి జరం ఉండాదని చెప్పినాను. నేను చెప్పనే లేదని సర్కారు కాయితాల్లో రాసినారు. నర్సమ్మా, నువ్వు ఇన్నావా, లేదా?"

నరేంద్ర గొంతు సవరించుకున్నాడు. జడ్జి కూడా జ్ఞానాంబనే చూస్తున్నాడు.

"ఇన్నాను," అంది. "కొంచెం జరమే గదా, వెయ్యొచ్చనుకున్నాను. మాకట్లనే నేర్పినారు. దానివల్లే కాళ్ళు పోయినాయో లేదో నాకు తెలీదు ఎల్లప్పా. నువ్వు చెప్పింది మాత్రం నిజం."

నరేంద్ర ముఖం మాడిపోయింది. ఎల్లప్ప వంగి సంతకం పెట్టాడు.

"పాపకు మంచి వైద్యం చేయించు," అన్నాడు జడ్జి.

"పోయిన శుక్రవారం సచ్చిపోయింది సామీ. ఫిట్సు ఆగలేదు."

జడ్జి చెయ్యి కాగితం మీదే నిలిచిపోయింది. "ముందే చెప్పలేదేం? ఇంకా ఎక్కువ అడగొచ్చు కదయ్యా."

"నేను అబద్ధం చెప్పినానని ఈడ రాసుండారు. ఆ మాట పోతే సాలు."

వరండాలో జ్ఞానాంబ బల్ల మీద కూలబడింది. ఎల్లప్ప ఆమె ముందు ఆగి, చంకలోని మూట పక్కన పెట్టాడు.

"ఇంకే బిడ్డకైనా పనికొస్తాయి. నీకాడ పెట్టుకోమ్మా," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి ఆమె మూట విప్పింది. ఇనుపకమ్మీలు బిగించిన చిన్న బూట్లు. తోలుపట్టీల లోపల, లేత చర్మం ఒరుసుకోకుండా, ఎవరో పాతచీర ముక్కను మడిచి సన్నటి కుట్లతో కుట్టారు.