నాకెంత గాలి పడుతుంది

నీళ్ళ కింద గాలి పీల్చుకోవడానికి ఎవరెవరి నోళ్ళలోనో ఉండి వచ్చిన రెగ్యులేటర్లను మంచినీళ్ళ తొట్టిలో ముంచి కడగడం, భోజనాలయ్యాక పళ్ళాలు కడగడం, రెండూ నా పనే. "ఎంగిలి ఎంగిలే, దానికి వేరే మనిషెందుకు?" అంది మా అత్త, నా భర్త ఔదా మా ఊరు నువేబాలో సముద్రపు ఒడ్డున డైవింగ్ దుకాణం తెరిచిన రోజే. కడుగుతూ కడుగుతూ వాటి గుణాలు పట్టుకున్నాను. గాలి సిలిండర్‌లోకి మరమేకులా తిప్పి బిగించేది ఏదో, పైనుంచి పట్టువేసి బిగించేది ఏదో, లోతుకి వెళ్ళినా ఊపిరికి బరువు కానిది ఏదో. అల్యూమినియం సిలిండర్ గాలి తగ్గేకొద్దీ తేలికై తోక పైకెత్తుతుందట, మునిగి ఉండటానికి నడుముకి సీసం దిమ్మెలు ఎక్కువ కట్టాలట. ఉక్కుది ఖాళీ అయినా మునిగే ఉంటుందట. అన్నీ "అట"లే. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మా ఆడవాళ్ళం నత్తలు ఏరుతూ పగడపు దిబ్బ అంచుదాకా నడుస్తాం. అంచు దాటితే నీళ్ళు ముదురు నీలం. అక్కడ ఏముందని ఔదాని అడిగితే, "చేపలు. వండుతావుగా, తెలీదా?" అంటాడు.

ఈ వారం కువైట్ నుంచి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. తమ ఒంటికి మగవాళ్ళు పట్టీలు బిగించకూడదన్నారు. ఔదా గడ్డం గోక్కుని, ఎప్పట్లా మా అబ్బాయి పేరుతో నన్ను పిలిచాడు. "రాషిద్ తల్లీ, నువ్వే కట్టు. మోకాటి లోతు దాకే సుమా."

బక్కపలచని పిల్లకి పొట్టి ఉక్కు సిలిండర్ ఇచ్చి సీసం తగ్గించాను. నడుము నొప్పి ఉన్నామెకి వీపున ఏమీ మోపలేదు. రెండు సిలిండర్లను నీళ్ళలోకి మోసుకెళ్ళి చెరోపక్క తగిలించాను. దేని రెగ్యులేటర్ దానిదే, ఒకటి మొరాయిస్తే రెండోది ఉంటుంది. మూడో ఆమె పేరు దలాల్, ఆ ఇద్దరికీ డైవింగ్ నేర్పే గురువు. మీటరు ముల్లు చూస్తూ రెండుసార్లు పీల్చమన్నాను. పీల్చి నవ్వింది.

"మరి నువ్వెలా దిగుతావక్కా? వీపునా, పక్కలనా?"

మామగారికి ఎన్ని రొట్టెలు పడతాయో, ఔదా టీలో చక్కెర ఎంతో, రాషిద్ చొక్కా ఎన్నాళ్ళకి బిగుతవుతుందో నాకు తెలుసు. నాకెంత గాలి పడుతుందో తెలియదు. నా ఒళ్ళు తేలేదా, మునిగేదా? ఎంత సీసం కడితే నీళ్ళ మధ్య నిలబడతాను? భయపడితే ఊపిరి గబగబా లాగుతానా, బిగబట్టుకుంటానా? ముప్ఫై ఆరేళ్ళుగా ఈ ఒంట్లోనే ఉన్నాను, పొరుగింటి సంగతి తెలిసినంత కూడా దీని సంగతి తెలియదు.

"నాకు నేర్పుతావా?" అన్నాను.

"నా పనే అది" అంది దలాల్.

మర్నాడు ఔదా వచ్చేసరికి ఐదో సిలిండర్‌కి రెగ్యులేటర్ బిగిస్తున్నాను.

"ఇదెవరికి?"

"నాకు."

అత్త ముసుగు సర్దుకుంది. "తడి ఒంటితో ఊరి కళ్ళలో పడతావటే?"

"చేపలు తప్ప చూసేవాళ్ళెవరత్తా అక్కడ?"

కువైట్ ఆడవాళ్ళు పక్కున నవ్వారు. వచ్చినవాళ్ళ ముందు కాదనలేక ఔదా మూల నుంచి చిన్న సిలిండర్ దొర్లించుకొచ్చాడు. "ఇది చాలు నీకు. ఓసారి తొంగిచూసి వచ్చెయ్."

"కొత్తవాళ్ళకి గాలి ఎక్కువ పడుతుందని నువ్వేగా అందరికీ చెప్తావ్? పెద్దదే కావాలి."

ఔదా చిన్న సిలిండర్‌ని పక్కకి జరిపాడు. నేను దలాల్ వెంట నడుము లోతు దాకా వెళ్ళాక వెనక నుంచి కేకేశాడు.

"ఎప్పుడొస్తావ్? వంట సంగతి?"

నోటి దగ్గరికి తెచ్చిన రెగ్యులేటర్ దించాను.

"నాకోసం చూడకండి. వండుకుని తినేయండి."